మాట వినిపించే ఇయర్‌ఫోన్: కొత్త తెలుగు పాటల కోసం మూన్‌డ్రాప్ చూ 2 రివ్యూ

ఇయర్‌ఫోన్ల రివ్యూలు చాలావరకు బేస్ ఎంత దిగింది, ట్రెబుల్ ఎంత మెరిసింది అన్న దగ్గరే ఆగిపోతాయి. తెలుగు పాట వినేవాళ్ళకి అది సగం లెక్కే. కొత్త పాట విడుదలైతే ట్యూనూ బీటూ ఫోన్ స్పీకరులోనే మొదటి అరనిమిషంలో పట్టుబడతాయి. చరణంలో రచయిత ఏం రాశాడు, గాయని ఆ మాటని ఎలా పలికింది, సంగీత దర్శకుడు ఏ మాట దగ్గర వాద్యాలు తగ్గించి చోటిచ్చాడు అన్నవి తెలియాలంటే మాత్రం చెవిలో పెట్టుకునే వస్తువు బాగుండాలి. అందుకే మూన్‌డ్రాప్ చూ 2ని ఇక్కడ ఒకే ప్రశ్నతో చూస్తున్నాం: తెర మీద అక్షరాలు చూడకుండా సాహిత్యం అర్థమవుతోందా?

చెన్నైలో ఉండే తెలుగువాళ్ళకి ఈ ప్రశ్న మరీ దగ్గరిది. ఇక్కడ పెరిగే పిల్లల్లో చాలామందికి ఇల్లు దాటితే తెలుగు చెవిన పడేది పాటల్లోనే. టి.నగర్‌లోనో, కొలత్తూరులోనో ఉండే ఇంట్లో ఒక కొత్త పాట రోజుకి పదిసార్లు మోగుతుంటే, ఆ పాటలో అక్షరం ఎలా వినిపిస్తే ఆ పిల్లలకి తెలుగు అలాగే పడుతుంది.

ముందు వస్తువు సంగతి. చూ 2 చైనా కంపెనీ మూన్‌డ్రాప్ 2023లో తెచ్చిన వైరు ఇయర్‌ఫోన్. ధర రెండు వేలకి అటూ ఇటూ. ఒక్కో చెవికి ధ్వని పుట్టించే భాగం, అంటే 10 మిల్లీమీటర్ల డైనమిక్ డ్రైవరు, ఒక్కటే. ఇంపీడెన్స్ 18 ఓములు, సెన్సిటివిటీ ఒక వోల్టుకి 119 డెసిబెల్స్. అంటే దీనికి విడిగా ఆంప్లిఫయరు అక్కర్లేదు, ఫోనూ, దానికి వైరు జాక్ తగిలించే ఒక మామూలు డాంగిలూ చాలు. 2022లో వచ్చిన మొదటి చూలో వైరు ఊడదు, అది తెగితే మొత్తం పోయినట్టే. రెండోదానిలో వైరు విడిగా వస్తుంది, 0.78 మిల్లీమీటర్ల రెండు పిన్నుల రకం. చెవిలోకి వెళ్ళే ఇత్తడి ముక్కు కూడా మరతో ఊడుతుంది, మార్చుకోవచ్చు. ఈ చివరి సంగతి చెన్నై చెమటకి ఎంత ముఖ్యమో తర్వాత చెబుతాను. మైకు ఉన్న రకం, మైకు లేని రకం రెండూ దొరుకుతాయి కాబట్టి, ఫోన్లు కూడా మాట్లాడాలనుకుంటే కొనే ముందు డబ్బా మీద చూసుకోండి.

ఇక మాట దగ్గరికి. గొంతులో బలమంతా అచ్చుల్లో ఉంటుంది, అది ఎక్కువగా 1000 హెర్ట్జ్ లోపే. ఏ మాటో తేల్చేవి మాత్రం హల్లులు. వాటి గుర్తులు చాలావరకు 2000 నుంచి 5000 హెర్ట్జ్ మధ్య, చాలా తక్కువ శక్తితో ఉంటాయి. త, ట మధ్య తేడా, ల, ళ మధ్య తేడా, న, ణ మధ్య తేడా నాలుక ఎంత వెనక్కి మడిచారన్న దాన్నిబట్టి వస్తుంది. నాలుక మడిచినప్పుడు ధ్వనిలో మూడో ఫార్మెంటు (నోటి ఆకారం వల్ల బలపడే ధ్వని మెట్టు) కిందికి దిగుతుంది, అది 2000 నుంచి 3000 హెర్ట్జ్ ప్రాంతంలో జరిగే వ్యవహారం. శ బుస కొంచెం కింద, స బుస దానికి పైన, 5000 దాటి ఉంటుంది. ఈ నడిమి ప్రాంతాన్ని నొక్కేసి కిందా పైనా పెంచేసిన ఇయర్‌ఫోన్లో బీటు దద్దరిల్లుతుంది, తాళాలు గలగలమంటాయి, ళ కాస్తా ల అయిపోతుంది. ఐదు వందలకీ వెయ్యికీ అమ్మే చాలా సరుకు ఈ తీరుదే.

చూ 2 ఇందుకు ఎదురుదారి పట్టింది. మనిషి చెవి రంధ్రానికి సహజంగా 3000 హెర్ట్జ్ దగ్గర ఒక ప్రతిధ్వని ఉంటుంది, మామూలుగా మనం వినే ప్రతి మాటనీ అది కొంత పెంచే పంపుతుంది. ఇయర్‌ఫోన్‌తో చెవి మూసేస్తే ఆ పెంపు చెదిరిపోతుంది. దాన్ని ఇయర్‌ఫోనే తిరిగి ఇవ్వాలి. చూ 2 ఇస్తుంది, కొంచెం ధారాళంగానే ఇస్తుంది. బేస్ కూడా ఉంది, కానీ అది బాగా అడుగున పెంచిన బేస్, గొంతు మొదలయ్యే చోటికి ఎగబాకదు.

ఎలా పరీక్షించాలో చూడండి. ఇలాంటి పాదం ఒకటి కొత్త డ్యూయెట్ పల్లవిలో ఉందనుకుందాం:

వెన్నెల్లో వేణువు విన్నా,
వీణల్లో వానలు విన్నా.

పాదానికి పద్నాలుగు మాత్రలు (హ్రస్వాక్షరం పలికే సేపు ఒక మాత్ర). చతురశ్ర గతిలో నాలుగు మాత్రల గణానికొక దెబ్బ వేస్తే మూడు గణాలు నిండి, నాలుగో గణంలో రెండు మాత్రలు మిగులుతాయి, ఆ ఖాళీలో వేణువో వీణో జవాబు చెబుతుంది. ఇప్పుడు దెబ్బ ఎక్కడ పడుతుందో చూడండి. మొదటి దెబ్బ ‘వె’ మీద, రెండోది ‘ల్లో’ మీద, మూడోది ‘ణు’ మీద. అంటే ‘వేణువు’ అన్న మాట మధ్యలోనే దెబ్బ. కిక్ డ్రమ్ము సరిగ్గా అక్కడ పడితే, బేస్ ఎక్కువున్న ఇయర్‌ఫోన్లో ‘వే’ ముందు గణంతో పోతుంది, ‘ణువు’లోని ణ కిక్ కింద నలిగిపోతుంది. వింటున్నవాళ్ళకి ‘వెన్నెల్లో వే... నువు విన్నా’ అన్నట్టు పడుతుంది. అర్థమే మారిపోయింది! తప్పు రచయితదీ కాదు, గాయకుడిదీ కాదు.

చూ 2లో ఇలాంటి చోట ణ నిలబడుతుంది. ‘వేణువు’లో మడత నాలుక ణ, ‘వానలు’లో పంటి దగ్గరి న, ‘విన్నా’లో ఒత్తిన న్న, మూడూ మూడుగా తెలుస్తాయి. ‘వ’ మాత్రం సహజంగానే మెత్తని అక్షరం, పెదవి పూర్తిగా మూసుకోదు, దానికి చెప్పుకోదగ్గ పేలుడు లేదు. వ మీద అనుప్రాస కట్టిన పాదం బరువైన సబ్ బేస్ మీద పడితే ఏ ఇయర్‌ఫోన్‌లోనైనా కొంత కరిగిపోతుంది. అక్కడ చూ 2 కూడా గొప్పగా ఏం చేయలేదు.

ద్విత్వాల సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పుకోవాలి, తెలుగు పాటకి ప్రాణం అక్కడే ఉంది కాబట్టి. ‘విన్నా’లో న్న పలికేటప్పుడు నాలుక మామూలు న కంటే ఎక్కువసేపు ఆగుతుంది. ‘గట్టు’, ‘ముద్దు’, ‘పచ్చ’ లాంటి మాటల్లో అయితే ఆ ఆగిన సేపు దాదాపు నిశ్శబ్దం. ఆ చిన్న నిశ్శబ్దమే ఒత్తు. ఇప్పటి మిక్సుల్లో గొంతు మీద పొడవైన రివర్బ్ (హాలు మోత), దాని మీద డిలే (మారుమోత) వేస్తారు. ముందు అచ్చు తాలూకు తోక వచ్చి ఆ ఖాళీని నింపేస్తుంది, ఒత్తు మాయమవుతుంది. ఇది స్టూడియోలో జరిగిన పని, దీన్ని ఏ ఇయర్‌ఫోనూ వెనక్కి తిప్పలేదు. కానీ డ్రైవరు చురుగ్గా ఆగగలిగితే రివర్బ్ వెనకగా, గొంతు ముందుగా విడిపడి, ఖాళీ కొంతైనా తెలుస్తుంది. చూ 2 ఈ ధరలో ఆ విడదీత బాగా చేస్తుంది. మహాప్రాణాల సంగతీ ఇంతే. భ, ధ, ఘ పలికినప్పుడు హల్లు విడిచాక క్షణంలో చిన్న భాగం పాటు గాలి వెళ్ళడమే తేడా. ఆ గాలి మీద స్నేర్ డ్రమ్ము దెబ్బ పడిందంటే ‘ధ’ ‘ద’ అవుతుంది. తెలుగు రాని గాయకులు పాడిన కొత్త పాటలో అక్షరం తేలిపోయిందని అనిపిస్తే, అది పలుకులో లోపమో మిక్సులో లోపమో తేల్చడానికి వాద్యాలు తగ్గిన చోట అదే అక్షరం మళ్ళీ వచ్చేదాకా ఆగి వినండి. అక్కడ అక్షరం సరిగ్గా పలికితే గాయకుడి తప్పేం లేదు.

దీర్ఘాల విషయం ఇయర్‌ఫోన్‌తో తేలేది కాదు. ట్యూను ముందు కట్టి, మాట తర్వాత రాసే పద్ధతిలో పొడవైన స్వరం మీద హ్రస్వాక్షరం వచ్చి కూర్చుంటే ‘పడు’ ‘పాడు’లా సాగుతుంది. మంచి రచయిత అలాంటి చోటికి దీర్ఘమో, సున్నానో, ద్విత్వం ముందున్న అక్షరమో తెచ్చి పెడతాడు, స్వరం సాగినా మాట చెడదు. కొత్త పాట సాహిత్యాన్ని మెచ్చుకోవాలంటే ముందు ఈ ఒక్కటి గమనించండి. ఉపమానాలు ఎంత బాగున్నాయన్నది తర్వాత. స్వరం పొడవూ అక్షరం పొడవూ కలిసిన పాట పదేళ్ళ తర్వాత కూడా నోటికి వస్తుంది.

వినే పద్ధతి ఒకటి చెబుతాను, ఇయర్‌ఫోన్ పరీక్షకీ పాట పరీక్షకీ అదే. మొదటిసారి తెర బోర్లా పెట్టి మొత్తం వినండి, ఏదీ రాయొద్దు. రెండోసారి మొదటి చరణం దగ్గర ఆపి ఆపి, చెవికి వినిపించింది వినిపించినట్టే తెలుగు లిపిలో రాయండి. అర్థం కాని చోట ఊహించి పూరించకండి, గీత పెట్టి వదిలేయండి. మూడోసారి లిరికల్ వీడియో తెరిచి పోల్చండి. గీతలు ఎక్కడెక్కడ పడ్డాయో చూస్తే సంగతి తెలుస్తుంది. గీతలన్నీ కిక్ డ్రమ్ము దగ్గర పడ్డాయంటే బేస్ మాటని కప్పేస్తోందని. స, శ దగ్గర పడ్డాయంటే పై ధ్వని మొద్దుబారిందని. పాట పొడవునా చెదురుమదురుగా పడ్డాయంటే టిప్పు (ముక్కుకి తొడిగే మెత్తటి తొడుగు) చెవిలో సరిగ్గా బిగియలేదని. లిరికల్ వీడియోలో సాహిత్యం ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉంటే మాత్రం అది పోలికకి పనికిరాదు. ఆ రాతలో న, ణ ఒకటే, ల, ళ ఒకటే, హ్రస్వ దీర్ఘాలు రాసినవాళ్ళ ఇష్టం. కంపెనీలు వీడియోకి ఇంత ఖర్చు పెడుతూ తెలుగు పాటకి తెలుగు లిపి పెట్టకపోవడం బాధ కలిగించే విషయం. రెండు లిపులూ పెట్టిన వీడియోలు వస్తున్నాయి, అవి దొరికితే వాటినే వాడండి.

టిప్పుల గురించి అన్నాను కదా, అది చిన్న విషయం కాదు. చూ 2 వైరు చెవి మీదుగా వెనక్కి తిప్పి పెట్టుకునే రకం. ఎదుటి చేత్తో చెవి పైభాగాన్ని కొంచెం పైకి, వెనక్కి లాగి, ఇయర్‌ఫోన్‌ని లోపలికి తోసి, చెవి వదిలేయాలి. బయటి చప్పుడు ఒక్కసారిగా తగ్గితే బిగిసినట్టు. టిప్పు చిన్నదైతే గాలి సందు మిగిలి బేస్ మొత్తం కారిపోతుంది, అప్పుడు మిగిలిన 3000 హెర్ట్జ్ పెంపు చెవిలో గుచ్చుతుంది. ‘చూ 2 గొంతు అరుస్తున్నట్టుంది’ అనేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే. ఒక చెవికి మధ్య సైజు, ఇంకో చెవికి పెద్ద సైజు కావడం మామూలే, రెండింటికీ ఒకటే ఉండాలని పట్టుబట్టకండి. సరిగ్గా బిగిశాక కూడా పెద్ద వాల్యూములో ఆడగొంతు పై స్థాయికి వెళ్ళినప్పుడు కొంచెం పదును తెలుస్తుంది. ఈక్వలైజరులో 3000 హెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్స్ తగ్గిస్తే సర్దుకుంటుంది. అంతకన్నా తగ్గిస్తే హల్లులు పోతాయి, ఇంత ఖర్చు పెట్టినదీ వృథా.

సంగీతం వైపు వద్దాం. డప్పు, తీన్మార్ పాటల్లో ఈ ఇయర్‌ఫోన్ బలం కంటే శుభ్రతే ఎక్కువ చూపిస్తుంది. పుల్ల దెబ్బ చురుకు, తోలు గుమ్ము రెండూ విడివిడిగా తెలుస్తాయి, కానీ గుండెల మీద గుద్దినట్టు ఉండదు. మాస్ పాటలకే కొనేవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు. మృదంగం మాత్రం చాలా బాగుంది. కుడివైపు చాపు అనే దెబ్బ తాలూకు మోత, ఎడమవైపు తొప్పి అనే ముఖం జారుడు దేనికది తెలుస్తాయి, ఎడమచేయి మణికట్టుతో తోలు మీద తోసినప్పుడు వచ్చే ఆ గుముక్ స్పష్టంగా వినిపిస్తుంది. వీణలో తీగ లాగిన గమకం మెట్లుమెట్లుగా కాక జారుడుగానే వస్తుంది. ఇది విన్నాక కొత్త పాటల్లో గొంతుకి వేసే పిచ్ దిద్దుబాటు కూడా బయటపడుతుంది. శృతి సాఫ్ట్‌వేరు గట్టిగా బిగించినప్పుడు గాయకుడి గొంతులో వణుకుతూ సాగే కంపిత గమకం చదునై, స్వరం నుంచి స్వరానికి గంతులా పోతుంది. రాగచ్ఛాయ ఉన్న ట్యూనుకి ఇది పెద్ద నష్టం. ఏ పాటలో దిద్దుబాటు మితంగా చేశారో, దేనిలో ఇస్త్రీ చేసినట్టు చేశారో చూ 2తో తేలిగ్గా తెలుస్తుంది. మితంగా చేసినవాళ్ళని పనిగట్టుకుని మెచ్చుకోవాలి.

ఇంటర్‌లూడ్‌లు కూడా చెప్పుకోవాలి. పల్లవి తర్వాత మొదటి చరణం దాకా వచ్చే సంగీతం తెలుగు సినిమా పాటలో సంగీత దర్శకుడి సంతకం. కొత్త పాటల నిడివి తగ్గి రెండో చరణం తీసేస్తున్నారు, ఇంటర్‌లూడ్ ఒక్కటే మిగులుతోంది, కాబట్టి అందులో చాలా కూరుతున్నారు. వయొలిన్ల గుంపు, కోరస్, సింథ్, తాళవాద్యాలు ఒకేసారి వస్తాయి. ఒక్క డ్రైవరున్న ఇయర్‌ఫోన్లో అన్నీ కలగాపులగం అయ్యే ప్రమాదం ఇక్కడే. చూ 2లో ఎడమా కుడీ వేరుపాటు బాగుంది, కానీ లోతు తక్కువ. వెనక కూర్చున్న వయొలిన్లు, ముందున్న కోరస్ ఒకే గీత మీద నిలబడ్డట్టు ఉంటాయి. ఇంకో ఐదారు వేలు పెట్టే ఓపికున్నవాళ్ళు ఈ ఒక్క కారణానికి పై రకానికి వెళ్ళవచ్చు. మాట కోసమే అయితే అక్కర్లేదు.

వడపళని, కోడంబాక్కంలో వాహినీ, విజయా, ఏవీఎం కాలంలో రికార్డయిన పాత తెలుగు పాటలతో పోల్చి వినడం కూడా మంచి పరీక్ష. అప్పట్లో వాద్యబృందం, గాయకులు ఒకే గదిలో ఒకేసారి, మోనోలో (ఎడమా కుడీ ఒకే ధ్వని). గొంతు ముందు, మిగతాదంతా దాని వెనక. అందుకే పాత పాటలో ప్రతి అక్షరమూ రేడియోలో కూడా అర్థమయ్యేది. చూ 2లో ఈ పాత పాటలు వింటే గొంతు సరిగ్గా తల మధ్యలో ఉండాలి. టేపు తాలూకు బుస కొంచెం ఎక్కువగా వినిపిస్తుంది, అది ఇయర్‌ఫోన్ తప్పు కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే.

ఎంత మంచి ఇయర్‌ఫోనైనా యాప్ పంపేదే వినిపిస్తుంది. యూట్యూబ్‌లో లిరికల్ వీడియోకి వచ్చే ధ్వని సెకనుకి సుమారు 128 నుంచి 160 కిలోబిట్స్. యూట్యూబ్ మ్యూజిక్ ప్రీమియంలో ఎక్కువ నాణ్యత పెడితే 256. స్పాటిఫై ఫోనులో ఉచితంగా అయితే 160 దాకా, డబ్బు కట్టి ‘వెరీ హై’ పెడితే 320. ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచి లాస్‌లెస్ (కుదించినా ఏమీ కోల్పోని ధ్వని) ఇస్తోంది, ఆండ్రాయిడ్‌లో కూడా. మూడు నిమిషాల పాట 256లో సుమారు 6 ఎంబీ, లాస్‌లెస్‌లో 36 ఎంబీ, హై రిజొల్యూషన్‌లో 145 ఎంబీ అవుతుందని ఆపిలే చెబుతోంది. చూ 2కి 320 గానీ, ఏఏసీ అనే కుదింపు పద్ధతిలో 256 గానీ చాలు. అక్కడి నుంచి లాస్‌లెస్‌కి వెళ్తే తేడా పట్టుకోవడం కష్టం, డేటా మాత్రం ఆరింతలు. తేడా బాగా తెలిసేది 128 నుంచి పైకి వచ్చినప్పుడు. ముఖ్యంగా స, శ, తాళాలు కలిసిన చోట ఆ చిరచిర తగ్గి, గాలి, అక్షరం విడిపోతాయి.

చాలామంది తప్పు చేసే చోటు: వైఫైకి ఒక నాణ్యత, మొబైల్ డేటాకి ఒక నాణ్యత అని యాప్‌లో రెండు సెట్టింగులు వేరువేరుగా ఉంటాయి. ఒకటి మార్చి రెండోది ‘ఆటోమేటిక్’లో వదిలేస్తే, బయటికి వెళ్ళగానే పాట పలచబడిపోతుంది. ఇయర్‌ఫోన్ మీద కోపం తెచ్చుకునే ముందు అది చూడండి. ఫోనులో డాల్బీ, బేస్ బూస్ట్, త్రీడీ లాంటివి ఏమున్నా ఆపేయండి. ఇంకోటి, రెండు పాటల మిక్సు పోల్చేటప్పుడు యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ వేసి ఉంచండి. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ మైనస్ 14 లఫ్స్ (వినిపించే బిగ్గరతనానికి కొలత) అనే ఒకే స్థాయికి తెస్తుంది. అది లేకపోతే బిగ్గరగా మాస్టర్ చేసిన పాట మెలొడీ కంటే బాగున్నట్టు చెవి మోసపోతుంది.

సాహిత్యం కోసం వినేవాళ్ళు పాట పక్కన చుక్కల గుర్తు నొక్కి క్రెడిట్స్ తెరవడం అలవాటు చేసుకోవాలి. సంగీత దర్శకుడి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, రచయిత పేరు కోసం ఇలా లోపలికి వెళ్ళాలి. కొన్నిసార్లు అక్కడా ఉండదు. యాప్‌లు ఈ ఒక్క విషయంలో తెలుగు పాటకి చేస్తున్న అన్యాయం నిజంగా మనసుని నొప్పిస్తుంది.

డాంగిల్ కొనేటప్పుడు ఒకటి తెలుసుకోండి. టైప్ సీ నుంచి 3.5 మిల్లీమీటర్ల జాక్‌కి మార్చే డాంగిళ్ళు రెండు రకాలు. ఒకదానిలో డిజిటల్ ధ్వనిని అనలాగ్‌గా మార్చే చిన్న డీఏసీ చిప్ ఉంటుంది, అది ఏ ఫోనుకైనా దాదాపు పనిచేస్తుంది. రెండోది ఉత్త వైరు మార్పిడి, ఫోనే అనలాగ్ ధ్వని బయటికి పంపాలి. ఇప్పటి ఫోన్లు చాలావరకు అలా పంపవు, పెడితే ఏమీ మోగదు. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో వంద రూపాయలకి దొరికేవి ఎక్కువగా ఈ రెండో రకం. కొట్లోనే మీ ఫోనుకి పెట్టి, పాట మోగాకే డబ్బులివ్వండి. కొన్ని డీఏసీ డాంగిళ్ళు కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో సగం వాల్యూములోనే ఆగిపోతాయి, చూ 2 సెన్సిటివిటీ ఎక్కువ కాబట్టి దీనికి ఆ సగం కూడా సరిపోతుంది.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో పోలిక ఎవరైనా అడుగుతారు. అదే ధరలో దొరికే బడ్స్‌లో డబ్బు బ్యాటరీకి, రేడియోకి, మైకులకి, డబ్బాకి పంచుకుపోతుంది, ధ్వనికి మిగిలేది తక్కువ. బ్లూటూత్ కోసం ధ్వనిని కుదించే పద్ధతుల్లో (కోడెక్) మామూలుదైన ఎస్‌బీసీ బాగా నడిచినప్పుడు 328 కిలోబిట్స్ దాకా పోతుంది గానీ, సాయంత్రం తాంబరం లోకల్లో పెట్టె నిండా బడ్స్ ఒకే 2.4 గిగాహెర్ట్జ్ మీద కొట్టుకుంటుంటే అది నిలబడదు. మాట మధ్యలో చుక్క పడినట్టు తెగుతుంది. ఎల్‌డ్యాక్ అనే ఇంకో కోడెక్ 990 దాకా వెళ్తుంది, రద్దీలో 330కి దిగిపోతుంది. ఐఫోన్‌లో ఎల్‌డ్యాక్ లేనే లేదు, ఏఏసీతో సరిపెట్టుకోవాలి. అయితే లోకల్ రైలు చప్పుడుని చూ 2 కొంతవరకే ఆపుతుంది. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్న బడ్స్ అక్కడ నిస్సందేహంగా మేలు. రైలు చప్పుడు మీద గెలవడానికి వాల్యూమ్ పెంచుకుంటూ పోకండి. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటల దాకా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అంతకు మించితే గంటలు గబగబా తగ్గిపోతాయి. సాహిత్యం వినడానికి ఇల్లు మంచిది, రాత్రి ఏసీ ఆపిన అరగంట ఇంకా మంచిది.

చెన్నై వాతావరణం గురించి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇక్కడ చెవిలో కూడా చెమటే. ముక్కు చివర ఉండే సన్నటి జాలీ మీద తేమ పొర కడితే ఆ వైపు ధ్వని ఉన్నట్టుండి మూసుకుపోతుంది, గొంతు ఒక పక్కకి జరిగిపోతుంది. డ్రైవరు పోయిందనుకుని పారేసినవాళ్ళున్నారు. టిప్పు తీసి, పొడి బట్టతో తుడిచి, సిలికా జెల్ పొట్లం ఉన్న మూత డబ్బాలో రాత్రంతా పెడితే చాలాసార్లు తిరిగొస్తుంది. నోటితో ఊదకండి, ఇంకా తేమ పోసినట్టవుతుంది. గుండుసూదితో పొడిస్తే జాలీ చినిగి, పై ధ్వని అంతా గరుకవుతుంది. జాలీ నిజంగానే పూడిపోతే ముక్కు మర తిప్పి ఊడదీసి కొత్తది వేయొచ్చు, ఈ ధరలో ఆ సౌకర్యం అరుదు. అయితే మర చాలా సన్నది, వేలితోనే తిప్పండి, పట్టకారు వద్దు.

రెండు పిన్నుల దగ్గర తేమకి పచ్చటి చిలుము పడుతుంది. నెలకోసారి వైరు ఊడదీసి పొడిగుడ్డతో తుడవాలి. ఊడదీసేటప్పుడు వైరు పట్టుకుని లాగకండి, పిన్ను ఉన్న ప్లాస్టిక్ ముక్క పట్టుకుని నిటారుగా లాగాలి. పక్కకి వంచి లాగితే పిన్ను వంగుతుంది, ఇంకోసారికి విరుగుతుంది. మళ్ళీ పెట్టేటప్పుడు ఒక వైపు పిన్నులు తిరగబడితే ఎడమా కుడీ ఎదురెదురు ఫేజ్‌లో, అంటే ఒకటి ముందుకి తోస్తే ఇంకోటి వెనక్కి లాగుతూ, మోగుతాయి. లక్షణం స్పష్టంగా ఉంటుంది: వాద్యాలు రెండు పక్కలా బాగానే ఉంటాయి, బేస్ పలచబడుతుంది, మధ్యలో ఉండాల్సిన గొంతు మాత్రం తల బయట ఎక్కడో డొల్లగా వినిపిస్తుంది. కొత్త వైరు కొన్నవాళ్ళు ‘ఈ వైరుతో గొంతు పోయింది’ అంటే ముందు చూడాల్సింది ఇదే. ఒక వైపు తిప్పి పెట్టండి, గొంతు మధ్యకి వచ్చేస్తుంది.

కొనేటప్పుడు కొట్లో చేయాల్సిన పని కొంచెమే. ఇయర్‌ఫోన్లకి నకళ్ళు ఎక్కువ కాబట్టి సీలు తీయని డబ్బా, కొన్నట్టు బిల్లు రెండూ అడగండి. వారంటీ ఎవరు ఇస్తున్నారో బిల్లు మీదే రాయించుకోండి. తర్వాత మీకు బాగా తెలిసిన ఒక పాత మోనో పాట పెట్టి, ఇందాక చెప్పినట్టు గొంతు సరిగ్గా మధ్యలో ఉందో లేదో చూడండి. రెండు ఇయర్‌ఫోన్లూ చెవులు మార్చి పెట్టి మళ్ళీ వినండి. గొంతు ఒక పక్కకి లాగి, మార్చినప్పుడు ఆ లాగుడు కూడా రెండో పక్కకి మారిందంటే ఇయర్‌ఫోన్‌లో తేడా ఉంది, అక్కడికక్కడే వేరేది అడగండి. మారకుండా అదే పక్క ఉంటే టిప్పు బిగియలేదన్నమాట, సైజు మార్చి చూడండి. వాల్యూమ్ బాగా తగ్గించి కూడా ఒకసారి వినండి, రెండు వైపుల తేడా ఉంటే చిన్న వాల్యూములోనే ముందు తెలుస్తుంది.